సస్పెన్షన్ ఆయనకు... సంసారం మనకు!

"ఆయన ఆఫీసు గొడవలు నాకెందుకండీ, నా వంటిల్లు నాకు చాలు" అనుకునేదాన్ని ఒకప్పుడు నేనూ. మీలో చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటూ ఉండవచ్చు. తప్పేం లేదు. కాని ఒక్క కాగితం ముక్క వచ్చిందంటే ఆ ఆఫీసు గొడవ తిన్నగా మన బియ్యం డబ్బాలోకే వచ్చి కూర్చుంటుందని 2017 సెప్టెంబరులో నాకు తెలిసొచ్చింది.

మావారిది సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసు ఒకదానిలో క్యాష్ సెక్షన్లో ఉద్యోగం. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికే ఇంటికి వచ్చేశారు. నేను గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాను. మాట్లాడకుండా జేబులోంచి కాగితం తీసి నా ముందు పెట్టారు. లెక్కల్లో డబ్బు తగ్గిందట. విచారణ జరిగేవరకూ సస్పెన్షన్ అట. హెడ్ క్వార్టర్స్ వదిలి వెళ్ళకూడదట. నాకు ఆ కాగితంలో అర్థమైంది అంతవరకే.

ఆ రాత్రి ఒక మాట అడిగాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. "నిజం చెప్పండి, ఏమైనా తీశారా?" అన్నాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు కూడా అడిగావా?" అన్నారు, అంతే. ఆ మాట ఇరవై ఒక్క నెలలు నన్ను గుచ్చుతూనే ఉంది. అందుకే ఆ ఇరవై ఒక్క నెలల్లో నేను నేర్చుకున్నది మీకు చెప్పాలనిపించింది. రేపు మీ చెల్లెలి ఇంట్లోనో పక్కింటి వదినగారి ఇంట్లోనో ఇలాంటి కాగితం వస్తే మీకు తెలిసి ఉండాలి కదా!

సస్పెన్షన్ అంటే శిక్ష కాదు

ముందుగా ఇది గట్టిగా మనసులో పెట్టుకోండి. సస్పెన్షన్ అంటే ఉద్యోగం పోవడం కాదు. తప్పు రుజువైందనీ కాదు. విచారణ జరిగేటప్పుడు ఆ మనిషి ఆఫీసులో ఉంటే కాగితాలు తారుమారు కావచ్చు, సాక్షులు జంకవచ్చు అని దూరంగా ఉంచుతారు. ఉద్యోగం ఉంటుంది, పని ఉండదు. అయితే ఈ సంగతి వీధిలో వాళ్ళకు తెలియదు. పాలవాడి దగ్గర నుంచి పేరంటానికి వచ్చినవాళ్ళ దాకా అందరూ తీర్పు చెప్పేస్తారు. మనం మాత్రం చెప్పకూడదు. నేను చేసిన తప్పు మీరు చేయకండి.

ఉద్యోగం ఉన్నట్టే గనుక మనిషి బతకడానికి కొంత ఇవ్వాలి. దీన్ని సబ్సిస్టెన్స్ అలవెన్సు అంటారు. తెలుగులో జీవనభృతి అనుకోండి. ఇది వాళ్ళు దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు.

సెంట్రల్ గవర్నమెంటు వారికి ఫండమెంటల్ రూల్సు అని ఉన్నాయి. అందులో 53వ రూలు ప్రకారం మొదటి మూడు నెలలు హాఫ్ పే లీవులో ఉంటే ఎంత వస్తుందో అంత ఇస్తారు. దానిమీద డి.ఏ. కలుస్తుంది. హెచ్.ఆర్.ఏ. లాంటివి సస్పెండ్ అయిన రోజున ఉన్న జీతం లెక్కనే వస్తాయి. ఉదాహరణకు బేసిక్ 40,000 రూపాయలు అనుకుందాం. జీవనభృతి 20,000, దానికి డి.ఏ., ఆపైన హెచ్.ఆర్.ఏ. అన్నమాట.

ఇక్కడే నాలాంటివాళ్ళు నష్టపోయే చోటు ఉంది. మూడు నెలలు దాటాక, ఆలస్యానికి కారణం ఉద్యోగి కాకపోతే ఆ భృతిని ఇంకో సగం వరకూ పెంచవచ్చు. అంటే పై లెక్కలో 20,000 కాస్తా 30,000 వరకూ కావచ్చు. ఉద్యోగి వల్లే ఆలస్యమైతే సగం వరకూ తగ్గించనూ వచ్చు. మావారి విషయంలో ఈ పెంపు సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆయన తల దించుకుని గదిలో కూర్చున్నారు. నేను చీటీపాట సగంలో ఆపేసి, గాజులు తాకట్టు పెట్టి, పచారీ కొట్టులో ఖాతా పెంచుకుంటూ పోయాను. పదో నెలలో యూనియన్ పెద్దాయన ఒకరు ఇంటికి వచ్చి, "ఏమ్మా, భృతి పెంచమని అర్జీ పెట్టారా?" అని అడిగితే మొహమొహాలు చూసుకున్నాం. ఆ మర్నాడే అర్జీ వెళ్ళింది. ఆ తరువాత పెంచారు. ముందే అడిగి ఉంటే నా గాజులు బీరువాలోనే ఉండేవి.

కాబట్టి గోడమీది క్యాలెండరులో సస్పెన్షన్ తేదీకి ఒక చుట్టు, దానికి మూడు నెలల తరువాతి తేదీకి ఇంకో చుట్టు చుట్టండి. గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకుంటాం కదా, ఇదీ అలాగే.

నెలనెలా ఇచ్చే కాగితం

జీవనభృతి రావాలంటే ప్రతి నెలా ఉద్యోగి ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. "నేను వేరే ఉద్యోగం గాని, వ్యాపారం గాని, వృత్తి గాని చేయడం లేదు" అని రాసి సంతకం పెట్టాలి. అది అందకపోతే ఆ నెల డబ్బు ఆగుతుంది. మావారు మనసు బాగాలేక రెండో నెలలో ఇవ్వడం మరిచారు. ఆ నెల ఇంట్లో చింతపండు చారూ కందిపచ్చడీ తప్ప ఇంకేం లేవంటే నమ్మండి. తరువాత నుంచి ఆ పని నేనే పెట్టుకున్నాను. ఒకటో తారీఖు రాగానే కాఫీ గ్లాసుతో పాటు కాగితం, పెన్నూ కూడా ఆయన ముందు పెట్టేదాన్ని. జిరాక్సు తీయించి, ఆఫీసులో ముట్టినట్టు స్టాంపు వేయించుకుని ఫైల్లో పెట్టేదాన్ని.

ఆ సర్టిఫికెట్ ఉద్యోగి గురించే. ఇల్లాలు కుట్టుపనో పచ్చళ్ళ అమ్మకమో పెట్టుకుంటే దానికి అడ్డు కాదు. కాకపోతే సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగుల ఇంట్లోవాళ్ళు వ్యాపారం చేస్తుంటే ఆ సంగతి ఆఫీసుకు తెలియజేయాలని కాండక్ట్ రూల్సులో ఉంది. నేను జాకెట్లు కుట్టడం మొదలుపెట్టినప్పుడు మావారు ఒక కాగితం రాసి ఇచ్చారు. దాచిపెట్టి చేస్తే లేనిపోని తంటా వస్తుంది.

భృతిలోంచి ఏవి కోస్తారో కూడా తెలుసుకోండి. ఇన్‌కమ్ టాక్సు, క్వార్టర్సు అద్దె, గవర్నమెంటు దగ్గర తీసుకున్న అప్పుల వాయిదాలు కోస్తారు. ఎల్.ఐ.సి. ప్రీమియం, కో-ఆపరేటివ్ సొసైటీ బాకీ లాంటివి ఉద్యోగి రాసి ఇస్తేనే కోయాలి. జి.పి.ఎఫ్. చందా, కోర్టు జప్తు సొమ్ము, ఆఫీసుకు నష్టం వచ్చిందని చెప్పే సొమ్ము భృతిలోంచి కోయకూడదు. నెల నెలా స్లిప్పు చూడండి. అర్థం కాకపోతే అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.

ఇంకో మంచి మాట. పిల్లల చదువుకు సెంట్రల్ గవర్నమెంటు ఇచ్చే చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్సు సస్పెన్షన్లో కూడా వస్తుంది. వైద్యం ఖర్చుల సదుపాయమూ ఆగదు. మా అత్తగారి కంటి ఆపరేషను ఆయన సస్పెన్షన్లో ఉన్నప్పుడే జరిగింది. ముందు "ఇప్పుడెందుకులే, ఆయన మళ్ళీ ఉద్యోగంలో చేరాక చూద్దాం" అని వాయిదా వేశాం. ఆ వాయిదా అనవసరమని తరువాత తెలిసింది.

ఎంతకాలం ఇలా?

అన్నింటికంటే మనిషిని కుంగదీసేది ఈ ప్రశ్నే. సెంట్రల్ గవర్నమెంటు రూల్సులో 90 రోజుల్లోగా సస్పెన్షన్‌ను తిరిగి పరిశీలించాలని ఉంది. పరిశీలించి పొడిగించకపోతే అది చెల్లదు. పొడిగిస్తే ఒక్కసారికి 180 రోజులకు మించకూడదు, మళ్ళీ పరిశీలించాలి. 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అజయ్ కుమార్ చౌదరి కేసులో ఇంకో మాట చెప్పింది. మూడు నెలల్లోగా ఛార్జిషీటు ఇవ్వకపోతే సస్పెన్షన్ ఆపైన సాగకూడదు. ఛార్జిషీటు ఇస్తే, పొడిగించడానికి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి అని. మావారికి ఛార్జిషీటు అందింది ఏడో నెలలో! ఈ తీర్పు సంగతి మాకు అప్పుడు తెలిస్తే మూడు నెలలు దాటిన మర్నాడే అర్జీ పెట్టి ఉండేవాళ్ళం. తీర్పు ఉన్నంత మాత్రాన సస్పెన్షన్ దానంతట అది ఎగిరిపోదు. అడగాలి, వినకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఆంధ్రలో, తెలంగాణలో వేరే సర్వీసు రూల్సు ఉన్నాయి. గడువులు, వివరాలు ఆ సంఘాల వారిని అడిగి రాసుకోండి.

మరి ఫ్యాక్టరీల్లో పనిచేసేవారి మాటేమిటి? వారికి 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్సు చట్టం ఉండేది. అందులో 1982లో జీవనభృతి సంగతి చేర్చారు. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2020లో పార్లమెంటు చేసిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. భృతి లెక్క అదే. మొదటి 90 రోజులు జీతంలో 50 శాతం. ఆ తరువాత, ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే 75 శాతం. విచారణ మామూలుగా 90 రోజుల్లో ముగించాలని కూడా ఈ కోడ్‌లో ఉంది. అయితే ఈ స్టాండింగ్ ఆర్డర్సు 300 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తిస్తాయి. చిన్న కంపెనీలో చేసేవారైతే అపాయింట్‌మెంట్ ఆర్డరులో సస్పెన్షన్ గురించి ఏం రాశారో చూసి, లేబర్ ఆఫీసులో అడగాలి. ఆ అపాయింట్‌మెంట్ ఆర్డరు మీ ఇంట్లో ఎక్కడుందో మీకు తెలుసా? ఈ రోజే వెతకండి.

కోర్టులు ఏమన్నాయి?

భృతి ఇవ్వకుండా విచారణ జరిపేసి ఉద్యోగం తీసేస్తే? అలా జరిగిన వాళ్ళున్నారు. మధ్యప్రదేశ్‌లో ఒక ఫారెస్టు రేంజరు గారిని సస్పెండ్ చేశారు. ఆయన ఉండేది రేవాలో, విచారణ ఐదువందల కిలోమీటర్ల దూరాన జగ్దల్‌పూర్‌లో. చేతిలో డబ్బు లేదు, రాలేను, భృతి ఇప్పించండి అని రాసుకున్నాడాయన. ఆయన లేకుండానే విచారణ కానిచ్చేశారు. బస్సు చార్జీలు కూడా లేని మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చినట్టు ఎలా అవుతుంది? 1973లో సుప్రీంకోర్టు ఆ విచారణ చెల్లదంది.

కోలారు బంగారు గనుల పేరు వినని తెలుగువారుండరు. మన కుటుంబాలు ఎన్నో అక్కడ తరతరాలు బతికాయి. అక్కడి భారత్ గోల్డ్ మైన్స్‌లో ఒక సెక్యూరిటీ ఆఫీసరు గారింటి మీద 1985 జూన్‌లో పోలీసులు దాడిచేసి, నాలుగున్నర గ్రాముల బంగారపు ముద్ద, కొంత బంగారపు ఇసుక దొరికాయన్నారు. మర్నాడే సస్పెన్షన్. భృతి ఇవ్వలేదు. ఆయన కేరళలోని సొంతవూరు వెళ్ళిపోయి, ఒంట్లో బాగాలేదు, రావడానికి డబ్బు లేదు అని రాసుకున్నా, ఆయన లేకుండానే విచారణ ముగించి 1986లో ఉద్యోగం తీసేశారు. మరుసటి ఏడాది క్రిమినల్ కోర్టు ఆ దాడే రుజువు కాలేదని ఆయనను వదిలేసింది. అయినా కంపెనీ తీసుకోలేదు. చివరికి 1999 మార్చిలో సుప్రీంకోర్టు ఆయనను ఉద్యోగంలోకి తీసుకోమని, సస్పెండ్ చేసిన నాటి నుంచి బకాయి జీతం ఇమ్మని తీర్పు చెప్పింది. పధ్నాలుగేళ్ళు! ఆ ఇంటి ఇల్లాలు ఆ పధ్నాలుగేళ్ళు పొయ్యి ఎలా వెలిగించిందో ఏ తీర్పులోనూ ఉండదు. నేను మాత్రం ఆ కేసు సంగతి విన్నప్పుడు ఆవిడనే తలుచుకున్నాను.

1983లో మహారాష్ట్ర కేసు ఒకటి ఇంకా వింత. క్రింది కోర్టులో శిక్షపడి అప్పీలు చేసుకున్న సస్పెండైన ఉద్యోగికి నెలకు ఒక్క రూపాయి భృతి అని అక్కడి రూలు! రూపాయితో ఏం వండుతారు, ఎవరికి పెడతారు? సుప్రీంకోర్టు ఆ రూలును కొట్టేసింది.

ఆడవాళ్ళ కేసూ ఒకటి చెబుతాను. మహారాష్ట్రలోనే ఒక ప్రైవేటు స్కూలు టీచరమ్మను సస్పెండ్ చేసి, 2007లో ఉద్యోగం తీసేశారు. స్కూలు ట్రిబ్యునల్ 2009లో ఆమెకు ఉద్యోగం, పూర్తి బకాయి జీతం రెండూ ఇమ్మంది. హైకోర్టు ఉద్యోగం సరే, బకాయి ఇవ్వక్కర్లేదంది. ఆమె ఊరుకోలేదు. 2013లో సుప్రీంకోర్టు ఆమెకు పూర్తి బకాయి ఇప్పించింది. తప్పు లేకుండా తీసేసిన మనిషి తనకు వేరే సంపాదన లేదని చెప్పుకుంటే చాలు, ఉందని నిరూపించాల్సిన భారం యాజమాన్యానిదే అంది కోర్టు. ఆ మాట అర్జీలో మొదటే రాయాలి సుమా.

కేసు తేలాక...

మావారి కేసు 2019 జూన్‌లో తేలింది. డబ్బు తగ్గిన రెండు రోజులూ ఆయన సెలవులో ఉన్నట్టు రిజిష్టరే చెప్పింది. సెలవుకు ముందు ఒక చోట సంతకం చేయలేదని మాత్రం సెన్సూర్ అనే చిన్న శిక్ష వేసి, సస్పెన్షన్ ఎత్తేశారు.

అంతటితో అయిపోయిందనుకుని నేను సత్యనారాయణ వ్రతానికి సామాన్లు రాస్తున్నాను. అసలు మెలిక అప్పుడు వచ్చింది. ఆ ఇరవై ఒక్క నెలలకు ఇచ్చిన భృతే చాలు, మిగతాది ఎందుకు ఇవ్వాలో చెప్పమని నోటీసు వచ్చింది! మావారు "పోనీలే, ఉద్యోగం వచ్చింది, అదే పదివేలు" అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మళ్ళీ యూనియన్ పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన చెప్పింది ఇది. ఉద్యోగిని తిరిగి తీసుకున్నప్పుడు ఆ కాలానికి జీతం ఎంత, దాన్ని డ్యూటీగా లెక్కకడతారా లేదా అని విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. పూర్తి జీతం ఇవ్వకపోతే ముందు నోటీసిచ్చి ఉద్యోగి మాట వినాలి. కేసు చిన్న శిక్షతో ముగిస్తే ఆ సస్పెన్షన్ అన్యాయమైనదిగా లెక్కకట్టి పూర్తి జీతం ఇవ్వాలని 1985 డిసెంబరు 3 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. ఆ తేదీ వేసి జవాబు రాశాం. నవంబరులో బకాయి అంతా వచ్చింది, ఇచ్చిన భృతి మినహాయించుకుని. వడ్డీ రాలేదు, గాజుల మీద నేను కట్టిన వడ్డీ నాదే. డబ్బంతా ఒకేసారి వచ్చింది కాబట్టి టాక్సు రిలీఫ్ అడగవచ్చని కూడా అప్పుడే తెలిసింది.

చెప్పడానికి నోరు రాని మాట ఇంకొకటి ఉంది. అయినా చెప్పాలి. విచారణ పూర్తి కాకముందే ఉద్యోగి కాలం చేస్తే, సెంట్రల్ రూల్సు ప్రకారం సస్పెన్షన్ నాటి నుంచి ఆ రోజు వరకూ డ్యూటీగానే లెక్కకట్టి, ఇచ్చిన భృతి మినహాయించి పూర్తి జీతం కుటుంబానికి ఇవ్వాలి. ఎవరింటా ఆ అవసరం రాకూడదు. వచ్చినవారికి మాత్రం ఈ మాట తెలిసి ఉండాలి.

ఇల్లాలు చేయవలసినవి

* సస్పెన్షన్ ఆర్డరు, ఛార్జిషీటు, ప్రతి అర్జీ నకలు ఒకే ఫైల్లో తేదీల వరుసలో పెట్టండి.
* నెలనెలా సర్టిఫికెట్ ఇచ్చినట్టు రుజువు ఉంచుకోండి.
* మూడో నెల దాటగానే భృతి పెంచమని రాతపూర్వకంగా అడగండి.
* విచారణకు పిలిస్తే తప్పక వెళ్ళమనండి. వెళ్ళలేకపోతే కారణం ముందే రాసి పంపించండి.
* అనుమతి లేకుండా ఊరు దాటనివ్వకండి, పెళ్ళిళ్ళైనా సరే.
* తెల్లకాగితం మీద సంతకం చేయనివ్వకండి.
* బ్యాంకు అప్పు ఉంటే వాయిదా తప్పకముందే వెళ్ళి పరిస్థితి చెప్పండి.
* అప్పులు ఎక్కడెక్కడ చేశారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. బకాయి వచ్చిన రోజున ముందు అవి తీరాలి.

తప్పు చేసినవాళ్ళను వెనకేసుకు రమ్మని నేను చెప్పడం లేదు. తప్పు తేలితే శిక్ష పడుతుంది, పడాలి. తేలేలోపల ఇంటిల్లిపాదీ పస్తులుండాలని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు.

బకాయి డబ్బుతో మొదట గాజులు విడిపించుకున్నాను. ఆ సాయంత్రం మావారికి ఇష్టమని గోరుచిక్కుడు కూర, కొబ్బరి వేసి చేశాను. భోంచేస్తూ ఉండగా, "ఆ రోజు రాత్రి మిమ్మల్ని ఆ మాట అడగకుండా ఉండాల్సింది" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అడిగావు, మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదుగా. ఇంకాస్త కూర వెయ్యి" అన్నారు.

ఇవాళే ఆయన ఉద్యోగం కాగితాలు ఎక్కడున్నాయో ఒకసారి చూసి పెట్టుకోండి, వదినా. అవసరం రాకపోతే మరీ మంచిది.